నడిచి వచ్చిన రోజే కరెంటు పెట్టి ఉంటే మా నాయన నడిచేవారా?

ప్రశ్న: పలమనేరు రైతు కొడుకు

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. మా నాయనకు 68 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం ప్రోస్టేట్ క్యాన్సరు అని తేలింది. అప్పటి నుండి మూడు నెలలకొకసారి హార్మోను సూది వేయించుకుంటూ పొలం పనులు మామూలుగానే చూసుకునేవారు. పీఎస్ఏ అనే, ప్రోస్టేట్ జబ్బును చూపే అంకె కొద్దికొద్దిగా పెరుగుతున్నదని రక్తపరీక్ష చేసినవాళ్ళు చెప్పారు గాని, మనిషి బాగానే తిరుగుతున్నారు కదా అని మేము దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

సంక్రాంతికి నెల ముందు నుండి వీపు మధ్యలో నొప్పి అనేవారు. టమోటా క్రేట్లు ఎత్తి దించడం వల్ల పట్టేసిందనుకున్నాము. పడుకుంటే నొప్పి ఎక్కువవుతున్నదని రాత్రిళ్ళు అరుగు మీద స్తంభానికి ఆనుకొని, కూర్చునే కునుకు తీసేవారు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటానని కూడా ఒకసారి అన్నారు. ఒక సాయంత్రం పశువుల పాక నుండి ఇంటికి వస్తుంటే కుడి కాలి చెప్పు దారిలోనే జారిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఒంటి చెప్పుతో గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు. మా అమ్మ చూసి నవ్వింది, నేనూ నవ్వాను.

మరునాడు ఊళ్ళో ఆర్ఎంపీ నొప్పి సూది వేశాడు. రెండు రోజుల తరువాత చిత్తూరులో ఎమ్మారై తీయిస్తే, నడుము భాగం మాత్రమే తీసి, డిస్కు కొద్దిగా అరిగిందని రాసిచ్చారు. శుక్రవారం నాడు క్యాన్సరు చూసే ఒక ఆస్పత్రికి తీసుకువెళ్ళాము, దాని పేరు ఇక్కడ రాయను. అక్కడి మెట్లు నా భుజం పట్టుకొని తానే ఎక్కారు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టి చూసి, వెన్నెముక మొత్తానికి మళ్ళీ ఎమ్మారై తీయించారు. వీపు భాగంలోని ఎనిమిదో పూస దగ్గర గడ్డ వెన్నుపామును నొక్కుతున్నదని, కరెంటు, అంటే రేడియేషన్ పెట్టాలని చెప్పి, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టి రేడియేషన్ విభాగానికి చీటీ రాశారు. ఆ చీటీ పట్టుకొని వెళ్ళేసరికి ఐదు దాటింది, ఓపీ అయిపోయిందన్నారు. శనివారం వెళితే రెండేళ్ళ నాటి బయాప్సీ రిపోర్టు కావాలన్నారు. అది ఊళ్ళో బీరువాలో ఉంది. నేను బస్సెక్కి వెళ్ళి తెచ్చేసరికి ఆ పూట కూడా అయిపోయింది. ఆదివారం సెలవు, సోమవారం పండుగ. మంగళవారం సిములేషన్ (కరెంటు పెట్టే చోటును కొలిచి గుర్తు పెట్టడం) చేసి, బుధవారం మొదటి డోసు ఇచ్చారు.

ఈలోగా ఆదివారం రాత్రి ఆయన నిలబడలేకపోయారు. సోమవారం మూత్రం ఆగిపోయి పొట్ట ఉబ్బితే ట్యూబు వేశారు. ఐదు డోసులూ పూర్తయి ఇప్పటికి ఏడు వారాలు. నొప్పి చాలావరకు పోయింది గాని, కాళ్ళు రాలేదు.

శుక్రవారం సాయంత్రమే కరెంటు పెట్టి ఉంటే ఆయన ఇప్పుడు నడుస్తుండేవారా అన్నది నా ప్రశ్న. ఎవరినో పట్టుకొని నిలదీయాలని అడగడం లేదు. ఆ ఐదు రోజులు నిజంగా లెక్కలోకి వస్తాయా, వస్తే మేము అక్కడ ఏమని అడిగి ఉండవలసింది అన్నది తెలియక నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: విశ్రాంత రేడియేషన్ వైద్యుడు, తిరుపతి

మీ నాయనగారి స్కాన్ నేను చూడలేదు కాబట్టి ఆయన విషయంలో తీర్పు చెప్పలేను. అయితే ఆ ఐదు రోజులు లెక్కలోకి రావని చెప్పి మిమ్మల్ని ఊరడిస్తే అది అబద్ధమవుతుంది.

వెన్నుపాము ఒత్తిడి విషయంలో మేము అన్నింటికన్నా ముందు చూసేది, చికిత్స మొదలయ్యే ఘడియకు రోగి నడుస్తున్నాడా లేదా అన్నదే. నడుస్తూ వచ్చినవారిలో ఎక్కువమంది ఆ తరువాత కూడా నడుస్తారు. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వచ్చినవారిలో మళ్ళీ లేచేవారు బహు కొద్దిమంది. గడ్డ నొక్కడం వల్ల మొదట సిరల్లో రక్తం నిలిచి వెన్నుపాము వాస్తుంది, ఈ వాపును స్టెరాయిడ్ కొంతవరకు దించగలదు. ఒత్తిడి అలాగే కొనసాగితే రక్తప్రసరణ ఆగి నరాల కణజాలమే చచ్చిపోతుంది, అక్కడి నుండి స్టెరాయిడ్ గాని, రేడియేషన్ గాని చేయగలిగినది తక్కువ. ఈ రెండు దశల మధ్య వ్యవధి కొందరిలో వారాలు, కొందరిలో గంటలు. అందుకనే బ్రిటన్‌లో జాతీయ వైద్య ప్రమాణాలను రాసే నైస్ సంస్థ 2008లోనూ, మళ్ళీ 2023లోనూ ఇచ్చిన మార్గదర్శకాలలో, లక్షణాలు కనబడినప్పుడు 24 గంటలలోపు వెన్నెముక మొత్తానికి ఎమ్మారై, రేడియేషన్ అవసరమని తేలితే 24 గంటలలోపు రేడియేషన్ అని పెట్టింది. ఆదివారమైనా, పండుగైనా ఆ గడువు మారదు.

దీనితోపాటు ఇంకొక సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. బలహీనత ఎంత వేగంగా వచ్చిందన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుందని జర్మనీలో జరిగిన పరిశీలనలు చూపించాయి. 14 రోజులకు మించి మెల్లగా కాళ్ళు నీరసించినవారు రేడియేషన్ తరువాత బాగా కోలుకున్నారు, వారంలోపే పడిపోయినవారు అంతగా కోలుకోలేదు. చెప్పు జారిన సాయంత్రం నుండి నిలబడలేని రాత్రి వరకు మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, మీ నాయనగారిది వేగంగా ముదిరిన కేసు. శుక్రవారమే చికిత్స జరిగినా పడిపోయి ఉండే అవకాశం కొంత ఉన్నది. తప్పనిసరిగా నడిచేవారని ఏ వైద్యుడైనా చెబితే నేను నమ్మను. ఏమీ తేడా ఉండేది కాదని చెప్పినా నమ్మను.

మీరు పండుగ సెలవుల గురించే బాధపడుతున్నారు గాని, నా ఉద్యోగకాలంలో నేను చూసిన ఆలస్యంలో ఎక్కువ భాగం మా విభాగపు తలుపు వరకు రాకముందే జరిగిపోయేది. ఈ రోగుల్లో దాదాపు తొంభై శాతం మందికి నొప్పి ముందుగా వస్తుంది, చాలామందిలో అది బలహీనతకు వారాల ముందే మొదలవుతుంది. ఆ నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. మామూలు నడుము నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది. దగ్గినా, తుమ్మినా, మలవిసర్జనకు ముక్కినా వెన్నులో పొడుస్తుంది. వీపు నుండి పక్కటెముకల చుట్టూ పట్టీ బిగించినట్టు తిరుగుతుంది. మీ నాయనగారు స్తంభానికి ఆనుకొని కూర్చుని నిద్రపోవడమే ఆ గుర్తు. ప్రోస్టేట్, రొమ్ము, ఊపిరితిత్తి, మూత్రపిండం క్యాన్సర్లు, మైలోమా (ఎముక మజ్జ క్యాన్సరు) వెన్నుపూసలకు పాకడం సర్వసాధారణం కాబట్టి, ఈ జబ్బులున్న మనిషి కొత్తగా వెన్నునొప్పి అన్నప్పుడు డిస్కు అనే మాట ఆఖరున రావాలి.

నడుము ఎమ్మారై గురించి కూడా చెబుతాను. కాళ్ళ నీరసం అనగానే చాలాచోట్ల నడుము భాగమే తీస్తారు. కాని వెన్నుపాము ఒత్తిడి ఎక్కువగా వచ్చేది వీపు భాగపు పూసల దగ్గర, నడుము ఫిల్ములో అది కనబడదు. ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఒత్తిడి ఉండటం కూడా అరుదు కాదు. అందుకే వెన్నెముక మొత్తం తీయాలని పట్టుబట్టే డాక్టరు దొరకడం మీ అదృష్టం. చిత్తూరులో మొదటిసారే అలా తీసి ఉంటే మీకు రెండు రోజులు కలిసి వచ్చేవి.

ఆపరేషన్ గురించి మీరు అడగలేదు గాని, ఇది చదివే మరొకరికి పనికివస్తుంది. ఒకేచోట ఒత్తిడి ఉండి, ఒంట్లో ఓపిక ఉన్నవారికి ముందు ఆపరేషన్‌తో ఒత్తిడి తొలగించి తరువాత రేడియేషన్ ఇస్తే, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారి కన్నా ఎక్కువమంది నడవగలిగారని అమెరికాలో జరిగి 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆ సంఖ్యలు నూటికి 84, 57. కాబట్టి రేడియేషన్ వైద్యుడితోపాటు వెన్నెముక సర్జన్ కూడా అదే రోజు చూడాలి.

జవాబు: చిత్తూరు పాఠకుడు

డాక్టరుగారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఆర్ఎంపీని, ఇంట్లోవాళ్ళను, స్కాన్ తీసినవాళ్ళను అనడం సులభం. రోగి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు సరైన ఎమ్మారైతో, సరైన చీటీతో, తన కాళ్ళ మీద తాను విభాగం ముందు నిలబడ్డాడు. అక్కడి నుండి బుధవారం వరకు జరిగినది ఆస్పత్రి ఆలస్యమే గాని ఇంటి ఆలస్యం కాదు. గుండెపోటు వచ్చినవాడిని బయాప్సీ కాగితం తెచ్చుకొమ్మని ఎవరైనా ఊరికి పంపుతారా?

జవాబు: రేడియోథెరపీ టెక్నాలజిస్టు, తిరుపతి

పైన అడిగిన ప్రశ్న న్యాయమైనదే. మా వైపు నుండి దాచకుండా చెబుతాను.

మా యంత్రం మీద రోజుకు అరవై డెబ్బై మంది ఉంటారు. ప్రతి మనిషికీ ఒక టైము, ఒక టోకెను ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రోగికి మొత్తం చికిత్స ఎనిమిది వారాలలోపు ముగియాలి, గొంతు క్యాన్సరు రోగికి మధ్యలో రోజులు పోతే ఫలితం తగ్గుతుంది. అందువల్ల నడుస్తున్న వరుసను కదపడానికి అందరూ వెనకాడతారు. అయితే నిజానికి ఒక్క అత్యవసర కేసుకు యంత్రం మీద పట్టేది ఇరవై నిమిషాలు. చివరి టోకెను తరువాత ఆ ఇరవై నిమిషాలు ఉండటానికి మా వాళ్ళలో ఎవరూ కాదనరు. కష్టమంతా, ఆ మనిషి అత్యవసర కేసు అన్న సంగతి కౌంటరు దగ్గర కూర్చున్న గుమాస్తాకు తెలియకపోవడంలో ఉంది. అతని కంటికి అదీ ఒక ఓపీ చీటీయే.

సిములేషన్‌కు ఒక రోజు, ప్లానింగ్‌కు ఒక రోజు అనే లెక్క కూడా ఇటువంటి కేసులకు వర్తించదు. మెడ క్యాన్సరుకు మాస్కు చేసి, సీటీ తీసి, ఫిజిసిస్టు కంప్యూటరు ముందు రోజుల తరబడి కూర్చోవలసిన మాట నిజమే. వెన్నుపాము ఒత్తిడికి అంత అవసరం ఉండదు. మనిషిని దుంగను దొర్లించినట్టు నలుగురు కలిసి, వెన్ను మెలిపడకుండా బల్ల మీదికి చేరుస్తాము. ఎమ్మారైలో చూపిన పూసను ఎక్స్‌రేలో పై నుండి లెక్కపెట్టి గుర్తుపట్టి, దానికి పైన ఒకటి రెండు, కింద ఒకటి రెండు పూసలు కలిసేటట్టు వీపు వైపు ఒక్క ఫీల్డు, అంటే కిరణాలు పడే చోటు, వేస్తాము. చర్మం మీద ఇంకుతో గీతలు గీసి, ఆ గీతల మీద పారదర్శకమైన ప్లాస్టరు అంటిస్తాము. ఫిజిసిస్టు లోతును కొలిచి లెక్క కట్టేస్తాడు. మొత్తం కలిపి రెండు మూడు గంటల పని. ఎన్నోసార్లు చీకటి పడ్డాక ఇలా చేశాము.

ఇప్పుడు ఒకే డోసు గురించి. 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒక్కసారి ఇవ్వడాన్ని, ఐదు రోజులు కలిపి 20 గ్రే ఇవ్వడాన్ని పోల్చి, 686 మంది రోగుల మీద బ్రిటన్, ఆస్ట్రేలియాలలో జరిగిన స్కోరాడ్ అధ్యయనం 2019లో వచ్చింది. ఎనిమిది వారాల తరువాత నడుస్తున్నవారు ఒక్క డోసు గుంపులో నూటికి 69, ఐదు డోసుల గుంపులో 73. ఆ తేడా లెక్క ప్రకారం ఎంత వరకు ఉండవచ్చో ఆ చివరి హద్దు, ముందుగా పెట్టుకున్న గీటును కొద్దిలో దాటడం వల్ల రెండూ సమానమని ఖాయంగా చెప్పలేకపోయారు గాని, ఆయుర్దాయం తక్కువగా ఉన్న రోగికి ఒక్క డోసు చాలుననే వైద్యులు చాలామంది. వరుసలో ఐదు రోజుల చోటు లేదన్న సాకుకు ఇది జవాబు. ఈ సాయంత్రం ఒక్క డోసుకు చోటు లేదని ఎవరూ అనలేరు.

ఇక మీరు ఏమని అడిగి ఉండవలసింది అన్నారు. ఇటువంటి మనిషిని ఓపీకి తీసుకురావద్దు, క్యాజువాలిటీకి తీసుకురండి. అక్కడ రాత్రి పగలు డ్యూటీ డాక్టరు ఉంటాడు. రేడియేషన్ విభాగపు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయవలసిన బాధ్యత అతనిది అవుతుంది, మీరు కారిడార్లలో తిరగనక్కరలేదు. నొప్పి అని చెప్పవద్దు, క్యాన్సరు రోగి, మొన్నటి దాకా నడిచినవాడు, కాళ్ళు పోతున్నాయి అని చెప్పండి. ఈ మూడు మాటలు కలిస్తే ఏ డ్యూటీ డాక్టరైనా కుర్చీలో నుండి లేస్తాడు. బయాప్సీ కాగితం లేనిదే రేడియేషన్ ఇవ్వకూడదన్న నియమం మంచిదే, క్యాన్సరు కానిదానికి ఇవ్వకుండా అది కాపాడుతుంది. అయితే దాన్ని ఫోనులో ఫోటో తీయించి తెప్పించుకోవచ్చు. మీ ఇంట్లో ఆ పూట ఎవరో ఒకరు ఉండి ఉంటారు. బీరువా తెరిచి వాట్సాప్‌లో పంపిస్తే సరిపోయేదాన్ని, మిమ్మల్ని ఘాటు ఎక్కించి దించారు. అది మా వాళ్ళు చెప్పవలసిన మాట, చెప్పలేదు.

ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద అత్యవసర కేసుకు ముందు ఫోనులో అనుమతి తీసుకొని, కాగితాలు తరువాత పెట్టే వీలు ఉన్నది. ఆరోగ్యమిత్రను నిద్రలేపి అయినా అడగండి.

జవాబు: శ్రీకాళహస్తి అక్క

తమ్ముడూ, మీ బాధ చదివాక నా అనుభవం కూడా రాయాలనిపించింది, అది మీ దానికి తలకిందులు. మా చిన్న తమ్ముడికి 24 ఏళ్ళప్పుడు ముఖం, మెడ ఉబ్బిపోయి, మెడ సిరలు తాళ్ళలాగా తేలి, వంగి చెప్పు వేసుకుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. ఛాతీలోని గడ్డ, తల నుండి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కుతున్నదన్నారు. వెంటనే కరెంటు పెట్టమని మేము వార్డులో గొడవ చేశాము. డాక్టర్లు వినలేదు. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, మూడు రోజులు బయాప్సీ కోసం ఆపారు. స్టెరాయిడ్ కూడా వెంటనే వేయలేదు. వేస్తే గడ్డ కరిగిపోయి, ముక్క తీసినా జబ్బు పేరు తెలియకుండా పోవచ్చన్నారు. తీరా చూస్తే అది లింఫోమా, లింఫు గ్రంథుల క్యాన్సరు. కీమోతోనే వారంలో వాపు దిగింది, కరెంటు అసలు పెట్టలేదు. శ్వాసకు గురక లాంటి శబ్దం వచ్చినా, స్పృహ మందగించినా ఆగేవాళ్ళం కాదని ఆ డాక్టరుగారు తరువాత చెప్పారు. ఆ మూడు రోజులు వారిని నేను అన్న మాటలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జవాబు: విశ్రాంత రేడియేషన్ వైద్యుడు, తిరుపతి

అక్కగారు రాసినది చాలా అవసరమైన మాట. ఆ సిర మూసుకుపోవడాన్ని ఒకప్పుడు మేము కూడా అర్ధరాత్రి కేసుగానే చూసేవాళ్ళం. ఇప్పుడు ఊపిరికి అడ్డం లేనప్పుడు జబ్బు పేరు తేల్చుకోవడమే ముందు, తక్షణ ఉపశమనానికి సిరలో స్టెంటు వేసే వీలు కూడా ఉన్నది. ఎముక నొప్పికి ఇచ్చే రేడియేషన్ కూడా కొన్ని రోజులు ఆగగలదు, నొప్పి మందులతో నడపవచ్చు. ఆగకూడనిది వెన్నుపాము, మందులతో ఆగని రక్తస్రావం, గాలిగొట్టం మూసుకుపోవడం వంటివి.

చిత్తూరు పాఠకుడిగారికి కూడా ఒక మాట. మీరన్నది ఒప్పుకుంటున్నాను. బ్రిటన్‌లో ఈ ఒక్క సమస్యకే ఫోను ఎత్తడానికి ప్రతి క్యాన్సరు కేంద్రంలో ఒక సమన్వయకర్త ఉంటాడు. స్విమ్స్‌లో రేడియేషన్ ఉన్నది, అలిపిరి వైపు టాటా ట్రస్టుల క్యాన్సరు ఆస్పత్రి 2022లో ప్రారంభమైంది, చిత్తూరు వారికి గంట ప్రయాణంలో వేలూరు ఉన్నది. ఒకప్పుడు చెన్నై అడయారు క్యాన్సరు ఆస్పత్రి, వేలూరు తప్ప పెద్దగా దిక్కులేని కాలంతో పోలిస్తే యంత్రాలు దగ్గరికి వచ్చాయి. పలమనేరులోని ఆర్ఎంపీ గాని, స్కాన్ సెంటరులోని వైద్యుడు గాని ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలిపే ఒక్క నంబరు మాత్రం ఇంకా రాలేదు. నా ఉద్యోగకాలంలో నేను కూడా దాన్ని సాధించలేదు.

పలమనేరు రైతు కొడుకు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు రాసినదాన్ని మా అమ్మకు చదివి వినిపించాను. చెప్పు సంగతి దగ్గర ఆపమన్నది.

ఇంకొక్క సందేహం ఉంది. ఆస్పత్రి నుండి వచ్చేటప్పుడు రాసిచ్చిన డెక్సామెథసోన్ మాత్రలు నాయన ఇప్పటికీ రోజుకు రెండుసార్లు అదే మోతాదులో వేసుకుంటున్నారు. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు, చీటీలోనూ లేదు. మొన్న చూపిస్తే చక్కెర 320 ఉన్నది, ఇంతకుముందు ఆయనకు చక్కెర జబ్బు లేదు. నోట్లో తెల్లగా పూత కూడా వచ్చింది. ఇవి ఆపేయవచ్చా?

విశ్రాంత రేడియేషన్ వైద్యుడు, తిరుపతి

మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. ఏడు వారాలకు పైగా వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రేడియేషన్ పూర్తయిన తరువాత రెండు మూడు వారాలలో మెట్లు మెట్లుగా తగ్గించి ఆపివేయవలసిన మందు ఇది. ఎవరో మరచిపోయారు. ఆ చక్కెర, ఆ పూత రెండూ దీనివల్ల రాగలిగినవే. రేపు ఉదయమే మాత్రల చీటీ, చక్కెర రిపోర్టు తీసుకొని నాయనగారిని చూపించండి, తగ్గించే పట్టికను తారీఖులతో కాగితం మీద రాయించుకోండి. వెళ్ళినప్పుడు వీపు కింది భాగం, మడమలు తిప్పి చూపించి పుండ్లు పడుతున్నాయేమో కూడా అడగండి. రేపు ఓపీ ఉన్నది.